వెనుక గదిలో వైఫై వేగమెందుకు తగ్గును?

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు జాతీయ రహదారిపై సుమారు ముప్పది కిలోమీటర్లు రాగానే పరిటాల కనబడును. రహదారి ప్రక్కన 2003లో నెలకొల్పిన ఎత్తైన ఆంజనేయ విగ్రహము బస్సులో పోవువారికి ఊరి ఆనవాలు. చరిత్ర చదివినవారికి ఈ పేరు గోలకొండ వజ్రముల ప్రస్తావనలో పరిచితమే. వజ్రముల కాలము గడచిపోయినది. ఇప్పుడీ పరిసరములలో రాతి క్వారీలు, కంకర మిషన్లు ఎక్కువగా కలవు. ఈ వ్యాసమునకు కావలసినది వజ్రము కాదు, ఆ రాయియే. రేడియో తరంగము గోడను దాటునపుడు ఆ గోడ దేనితో కట్టినదియు, ఎంత మందముగలదియు ముఖ్యమగును.

ఇటువంటి ఊరిలో ఒక ఇల్లు ఉన్నదనుకొందము. ముందు వసారా, తరువాత హాలు, నడుమ గది, వంటిల్లు, వాని వెనుక దొడ్డివైపున ఒక గది. ముందరి భాగము పాతది. మూరెడు మందమున్న రాతి గోడలు. వెనుక గది ఇటీవల సిమెంటుతో, ఇనుప కమ్ములు వేసిన స్లాబుతో కట్టినది. వీధి స్తంభముమీదినుండి వచ్చు ఫైబరు తీగ హాలులోని పెట్టెలో ముగియుచున్నది. ఆ ఇంటి అమ్మాయి వెనుక గదిలో చదువుకొనును. ఆమె ఇంటర్మీడియటు ముగించినది. ఇంజనీరింగు కళాశాలల ఎంపికలను ఆన్‌లైనులో నమోదు చేయుటకు గడువు ఆ రాత్రితో ముగియును. పేజీ తెరచుకొనదు, తెరచుకొన్నచో సగములో నిలిచిపోవును. తండ్రి వచ్చి ఫోను చూచును.

“గీతలు నిండుగా ఉన్నవి గదమ్మా, ఇంకేమి కావలెను?”

“గీతలున్నవి నాన్నా, పేజీయే రావడము లేదు.”

వెనుక గదికి వేగము చాలడము లేదని నెల క్రితమే అంగడిలో ఒక ఎక్స్‌టెండరు కొని ఆ గది గోడకున్న ప్లగ్గులో పెట్టిరి. అది చాలకపోగా, నెలసరి ప్లానును 15 మెగాబిట్లనుండి 50 మెగాబిట్లకు పెంచిరి. హాలులో తేడా బాగుగా తెలిసినది. వెనుక గదిలో ఏమియు మారలేదు. డబ్బు రెండువిధముల ఖర్చయినది. తప్పెక్కడ ఉన్నది?

ముందుగా ఒక లెక్కను సరిచూచుకొనవలెను. కంపెనీలు వేగమును సెకనుకిన్ని మెగాబిట్లని చెప్పును. ఫైలు పరిమాణమును మనము మెగాబైట్లలో చెప్పుకొందుము. ఒక బైటుకు 8 బిట్లు. కనుక 40 మెగాబిట్ల వేగమనగా సెకనుకు 5 మెగాబైట్లు మాత్రమే. ఈ ఎనిమిది రెట్ల తేడా తెలియక సగము ఫిర్యాదులు పుట్టుచున్నవి. పరిటాల ఇంటి ఫిర్యాదు మాత్రము ఆ కోవకు చెందినది కాదు.

వైఫై రౌటరనునది ఒక చిన్న రేడియో కేంద్రము. అది రెండు పట్టీలలో పనిచేయును: 2.4 గిగాహెర్ట్జులు, 5 గిగాహెర్ట్జులు. మొదటిదాని తరంగదైర్ఘ్యము సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, రెండవదానిది అందులో సగముకంటె కొంచెము తక్కువ. భారతదేశములో 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో తక్కువ శక్తిగల పరికరములను లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో నిబంధనలు వచ్చినవి. అందుచేతనే ఎవరి ఇంటిలోనైనను ఒక రేడియో కేంద్రము ఉండగలుగుచున్నది. దాని శక్తి ఎంత? సామాన్యముగా పదవ వంతు వాటు. చిన్న టార్చిలైటు బల్బు వాడుకొనుదానికంటెను తక్కువ.

ఇంత స్వల్పశక్తి నాలుగు దిక్కుల పరచుకొనును. దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతగును. రౌటరునకు అయిదు మీటర్ల దూరమున ఉన్న బలము, బయలులోనైనను, ఇరువది మీటర్లకు పోవుసరికి పదునారవ వంతగును. ఇంటిలో బయలెక్కడిది? మందపు రాతి గోడ ఒకటి అడ్డువచ్చి బలమును పదవ వంతు చేసినదనుకొన్నచో, రెండు గోడలు నూరవ వంతు చేయును. దూరము వలన పదునారు, గోడల వలన నూరు: మొత్తము పదునారువందల రెట్ల క్షయము. తడిసిన గోడ పొడి గోడకంటె ఎక్కువగా మ్రింగును. ఇనుప బీరువా, ఫ్రిజ్జి, నిలువుటద్దము, నీళ్ళ డ్రమ్ము ఇవన్నియు తరంగమునకు గోడలకంటె గట్టి అడ్డములు. 5 గిగాహెర్ట్జుల తరంగము వేగమునకు మేలైనను, గోడల విషయమున 2.4 దానికంటె సుకుమారము.

గోడలను దాటు అదృశ్య కిరణములను చూచి ఆశ్చర్యపడుట మనకు క్రొత్త కాదు. 1895లో కలకత్తా నగరములో జగదీశచంద్ర బోసు మిల్లీమీటరు తరంగములను గోడల గుండ పంపి అవతలి గదిలో గంట మ్రోగించిరి. ఒక గంట మ్రోగించుటకు ఒక్క సంకేతము చాలును. ఒక చలనచిత్రమును పంపుటకు కోట్ల సంకేతములు, ఒక్కటియు చెడకుండ చేరవలెను. చిక్కంతయు అక్కడ ఉన్నది.

బలము క్షీణించినపుడు సంకేతము ఒక్కసారిగా ఆగిపోదు. చెరువున కావలి గట్టుననున్న మనిషితో మాటాడువాడు ఏమి చేయును? ఒక్కొక్క మాటను విడమరచి, నిదానముగా కేకవేయును. రౌటరును అంతే. బలము బాగుగా ఉన్నపుడు ఒక్కొక్క సంకేతములో ఎక్కువ బిట్లు కూర్చి పంపును; బలము తగ్గినకొలది తక్కువ బిట్లు కూర్చును. రెండు ఏంటెనాలున్న సాధారణపు 2.4 పరికరమునకు ఈ మెట్లు 130, 117, 104, 78, 52, 39, 26, 13 మెగాబిట్లుగా ఉండును. ఇవి ఫోను చూపు లింకు వేగములు. నిజముగా చేతికందునది ఇందులో సుమారు సగమే. మిగిలిన సగము ఒకరి మాట ఒకరు వినుటకును, అందినదని బదులు చెప్పుటకును, తప్పిపోయినదానిని మరల పంపుటకును పోవును. అట్టపెట్టెపై 300 అని పెద్ద అక్షరములతో అచ్చువేయు కంపెనీవారు ఈ సంగతిని చిన్న అక్షరములతోనైనను అచ్చువేయుట అరుదు.

ఇక ఎక్స్‌టెండరు. ఇది వేగమును పుట్టించు యంత్రము కాదు. కాలువకు మోటారు బిగించి నీటిని ఎక్కువగా తోడినట్లు ఇది డేటాను తోడదు. బావినుండి తొట్టెవరకు కడవలు అందించు వరుసలో నడుమ నిలిచిన మనిషి వంటిది. బావి దగ్గర ఉన్నవాడు ఇచ్చిన కడవను అందుకొనును. వెనుకకు తిరిగి తొట్టె దగ్గరివానికి ఇచ్చును. అందుకొనుచున్నపుడు ఇవ్వలేడు, ఇచ్చుచున్నపుడు అందుకొనలేడు. చవుక ఎక్స్‌టెండరులో రేడియో ఒకటే. రౌటరు ఏ ఛానలులో మాటాడునో ఇదియు అదే ఛానలులో మాటాడవలెను. ప్రతి బిట్టు గాలిలో రెండుసార్లు ప్రయాణము చేయును. రౌటరు పలుకునపుడు ఎక్స్‌టెండరు మౌనము, ఎక్స్‌టెండరు పలుకునపుడు రౌటరు మౌనము. రహదారికి మరమ్మతు జరుగునపుడు ఒక వైపు వాహనములను ఆపి రెండవ వైపువానిని వదలు దృశ్యము ఆ దారిలో తిరుగువారికి తెలియనిది కాదు.

పరిటాల ఇంటి లెక్క వేసి చూతము. ఎక్స్‌టెండరును వెనుక గదిలోనే పెట్టిరి. అక్కడికి రౌటరు బలము మిక్కిలి సన్నగిల్లి చేరును. హాలునుండి ఎక్స్‌టెండరునకు లింకు 26 మెగాబిట్లు, అనగా నిజమునకు 13. ఎక్స్‌టెండరునుండి అదే గదిలోనున్న అమ్మాయి ఫోనునకు లింకు 130, నిజమునకు 65. నూరు మెగాబిట్లు చేరవలెననుకొనుడు. మొదటి అంగకు 100ని 13తో భాగింపగా సుమారు 7.7 సెకనులు, రెండవ అంగకు 100ని 65తో భాగింపగా 1.5 సెకనులు. మొత్తము 9.2 సెకనులు. వేగము సెకనుకు సుమారు 10.8 మెగాబిట్లు!

ఎక్స్‌టెండరే లేకున్నచో? ఫోను నేరుగా రౌటరుతో 26 లింకులో మాటాడి 13 మెగాబిట్లు పొందెడిది. డబ్బుపెట్టి కొన్న పరికరము వేగమును పెంచలేదు సరిగదా, కొంత తగ్గించినది. ఫోనులోని రేడియో రౌటరుకంటె బలహీనము గనుక, ఫోను పంపునది రౌటరునకు చేరుటలో మాత్రము ఎక్స్‌టెండరు కొంత సాయపడవచ్చును. అయినను అమ్మాయికి కావలసినది అధికభాగము లోపలికి రావలసిన డేటాయే.

గీతలు నిండుగా ఉండుటలోని మర్మమిదియే. ఫోను కొలుచునది తనకును ఎక్స్‌టెండరునకును నడుమ ఉన్న బలమును మాత్రమే. ఎక్స్‌టెండరునకును రౌటరునకును నడుమ ఏమి జరుగుచున్నదో ఫోనునకు తెలియదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములలో సేద్యము చేయు నందిగామ, జగ్గయ్యపేట రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పొలము ప్రక్కనున్న బోదె ఎంత శుభ్రముగా, ఎంత వెడల్పుగా ఉన్నను, పైనుండి నీరు దిగనిది మడి తడవదు.

ఇప్పుడు అదే ఎక్స్‌టెండరును నడుమ గదికి మార్చి చూతము. హాలునుండి దానికి లింకు 104, నిజమునకు 52. దానినుండి వెనుక గది ఫోనునకును 104, 52. ఒక్కొక్క అంగకు 1.9 సెకనులు, రెంటికి 3.8. వేగము సుమారు 26 మెగాబిట్లు. పరికరము అదే, ప్లాను అదే. స్థలము మార్చినంతనే వేగము రెండింతలకు పైబడినది. ఫోనులో గీతలు మాత్రము ఒకటి తగ్గియుండవచ్చును! వేగము లేనిచోట కాక, వేగము ఇంకను బాగుగా ఉన్నచోట ఎక్స్‌టెండరును పెట్టవలెను. చాలమంది దీనికి సరిగా వ్యతిరేకముగా చేయుదురు, అదియు సహజమే. దీపము లేని గదిలోనే గదా దీపము పెట్టుదుము.

ఈ లెక్కలో సంఖ్యలు ఉదాహరణకొరకు తీసికొన్నవి. ఇల్లు మారినచో సంఖ్యలు మారును. పద్ధతి మారదు: రెండు అంగల కాలములను కూడవలెను, వేగములను కాదు. విద్యుత్తు పాఠములో నిరోధములను వరుసగా కలిపినపుడు కూడినట్లే. రెంటిలో నిదానమైనదే మొత్తమును శాసించును.

ప్లాను పెంచినను ఫలితము లేకపోవుటకు కారణము కూడ ఇందుండియే తేలును. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినపుడు, విద్యుత్ స్తంభములమీదుగా లాగిన ఫైబరు ద్వారా నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను కలిపి ఇచ్చు పథకముండెను. లైను 15 మెగాబిట్లదే అయినపుడు, 26 ఇవ్వగల ఎక్స్‌టెండరు ఎవరికిని అడ్డు కాదు; దాని లోపము కనబడదు. లైను 50కి, 100కి పెరిగినపుడు ఇరుకైన చోటు వీధిలోనుండి ఇంటిలోనికి మారినది. పాత పరికరములు చెడిపోలేదు. వాని హద్దు ఇప్పుడు బయటపడినది, అంతే.

గాలిలో పోటీ మరియొక కారణము. 2.4 పట్టీలో మన దేశమున 13 ఛానళ్ళు కలవు గాని, ప్రక్క ప్రక్క ఛానళ్ళ నడుమ ఎడము 5 మెగాహెర్ట్జులే. ఒక్కొక్క ప్రసారము ఆక్రమించునది సుమారు 20. కనుక ఒకదానిపై ఒకటి పడకుండ వాడుకొనదగినవి 1, 6, 11 అను మూడే. ప్రక్కింటి రౌటరు 6లో ఉండగా మన రౌటరు 8లో ఉన్నచో, ఒకరి మాట మరియొకరికి అర్థము కాని సందడిగా వినబడును. ఇద్దరు 6లోనే ఉండుట దానికంటె నయము. అపుడు కనీసము ఒకరు మాటాడునపుడు మరియొకరు ఆగుదురు. మైక్రోవేవ్ ఓవెను పనిచేయునదియు ఈ పట్టీలోనే, 2.45 గిగాహెర్ట్జుల దగ్గర. వంటిల్లు హాలునకును వెనుక గదికిని నడుమ ఉన్న ఇంటిలో, ఓవెను తిరుగుచున్నంతసేపు వీడియో తడబడుటలో వింత లేదు.

ఒకే గాలిని పలువురు పంచుకొనుట ఎట్లనునది వైఫై పుట్టుకకు ముందే ఎదురైన ప్రశ్న. 1971లో హవాయి విశ్వవిద్యాలయములో నార్మన్ అబ్రాంసన్ బృందము దీవుల నడుమ రేడియో ద్వారా కంప్యూటరులను కలిపినపుడు, ఇద్దరొకేసారి మాటాడినచో రెండు సందేశములును చెడునని, చెడినవారు కొంతసేపు ఆగి మరల పంపవలెనని ఏర్పాటు చేసిరి. నేటి వైఫైలో ఇంకొక మర్యాద చేరినది: మాటాడుటకు ముందు చెవియొగ్గి వినవలెను. ఎక్స్‌టెండరున్న ఇంటిలో ఈ మర్యాద ఒకొక్కప్పుడు పనిచేయదు. హాలులోని టీవీ రౌటరుతో మాటాడుచుండగా వెనుక గదిలోని ఫోనునకు ఆ సవ్వడి వినబడదు. గాలి ఖాళీగా ఉన్నదని తలచి అదియు మాటాడును. నడుమనున్న ఎక్స్‌టెండరునకు రెండును వినబడి కలగాపులగమగును. మరల పంపుట, మరల ఆగుట. వేగము కొలిచినపుడు సంఖ్య బాగుగానే ఉండి, వీడియో కాల్ మాత్రము తెగిపోవుటకు ఇదొక హేతువు. ఇక మూలనున్న పాత ఫోను ఒకటి అతి నిదానపు మెట్టుపై మాటాడుచున్నచో, అది మాటాడినంతసేపు తక్కినవారందరు వేచియుండవలసినదే. పాత పరికరమును రౌటరునకు దగ్గరగా తెచ్చుట కూడ ఒక చికిత్సయే.

ఫోనుల మొండితనము గూర్చి ఒక మాట. రౌటరునకును ఎక్స్‌టెండరునకును ఒకే పేరు పెట్టిన ఇండ్లలో, హాలులో రౌటరును పట్టుకొన్న ఫోను వెనుక గదికి పోయినను దానినే పట్టుకొని వ్రేలాడును. దేనిని పట్టుకొనవలెనో నిర్ణయించునది ఫోనే, రౌటరు కాదు. పరీక్షించునంతవరకు రెంటికి వేరు వేరు పేర్లు పెట్టుట మేలు. లేనిచో ఏది కొలుచుచున్నదియు తెలియదు.

పరీక్ష కూడ కష్టము కాదు. ముందుగా రౌటరు ప్రక్కన నిలిచి, వీలైనచో తీగతో కంప్యూటరును కలిపి, వేగము కొలువవలెను. ఇక్కడనే తక్కువ ఉన్నచో ఎక్స్‌టెండరును నిందించుట వ్యర్థము; లైను ఇచ్చువారిని అడుగవలెను. ఇక్కడ సరిగా ఉన్నచో, ఫోనును ఎక్స్‌టెండరు పెట్టదలచిన చోటికి తీసికొనిపోయి, ఎక్స్‌టెండరును ఆపి, రౌటరు వేగమును అక్కడ కొలువవలెను. ఆ సంఖ్యలో సగము కంటె ఎక్కువ ఎక్స్‌టెండరు ఇవ్వలేదు. ఆ సగము అవసరమునకు చాలునో లేదో అంగడికి పోవుటకు ముందే తెలిసిపోవును. రాత్రి ఎనిమిదింటికి, తెల్లవారుజామున అయిదింటికి రెండుసార్లు కొలిచి చూచినచో ఇరుగుపొరుగు రౌటరుల పాలు ఎంతయో కూడ తెలియును.

ఈ సగపాలు బెడద తప్పించుకొను మార్గములు రెండు. మొదటిది రెండు పట్టీల ఎక్స్‌టెండరు: రౌటరుతో 5లో మాటాడుచు, ఫోనుతో 2.4లో మాటాడగలది. అందుకొను చేయి వేరు, ఇచ్చు చేయి వేరు. అయితే 5 తరంగము రాతి గోడ దగ్గర చతికిలబడును గనుక, నడుమ ఒక తలుపు ఎదురుగా తెరచియున్న చోటు చూచుకొనవలెను. రెండవది అన్నిటికంటె పాతది, అన్నిటికంటె గట్టిది: తీగ. రౌటరునుండి వెనుక గదికి ఒక ఈథర్‌నెట్ కేబులు లాగి, దాని చివర ఎక్స్‌టెండరును కేవలము ప్రసార కేంద్రముగా వాడుట. చాల ఎక్స్‌టెండరులకు ఈ సౌకర్యమున్నది. సెట్టింగులలో ‘ఏక్సెస్ పాయింట్’ అని ఉండును. కేబులులో నూరు మీటర్లవరకు నష్టము లేదు. చవుక పరికరముల రంధ్రము 100 మెగాబిట్లకే పరిమితము గాని, 50 మెగాబిట్ల ప్లానునకు అది చాలినంత. తీగను ఇంటిలోపలినుండియే లాగవలెను. డాబామీదుగా వేసినచో కోతులు లాగుననునది ఒక భయము. పిడుగు పడినపుడు రాగి తీగవెంట విద్యుత్తు దూకి రెండు చివరలనున్న పరికరములను కాల్చుననునది అంతకంటె పెద్ద భయము. వెనుక గది వేరు కట్టడమై, నడుమ ఆరుబయలున్నచో గాజు ఫైబరు వాడుటయే క్షేమము. గాజుకు పిడుగు సోకదు.

ఆ రాత్రి అమ్మాయి చేయదగిన పని మాత్రము వీనన్నిటికంటె సులభము. ఎక్స్‌టెండరు ప్లగ్గును పీకి, ఫోను తీసికొని హాలులోనికి వచ్చి రౌటరు ఎదుట కూర్చుండుట. టీవీని ఒక గంట ఆపుమని తండ్రిని అడుగుట. కేబులు సంగతి తెల్లవారిన తరువాత చూచుకొనవచ్చును. వంటింటి గోడలో పాత కొళాయి గొట్టము కొరకు చేసిన కన్నము ఒకటి ఎటులను ఉన్నది.